పెరటి ముక్కను వెనకింటివారికి అమ్ముకోనివ్వండి: మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పట్టణ ప్రణాళికా శాఖ మంత్రి గారికి నమస్కరించి రాయునది.

పద్నాలుగు నెలల్లో మీ శాఖకు నాలుగు అర్జీలు పెట్టుకున్నాను. మొదటి మూడింటికి రశీదులైనా ఇచ్చారు, నాలుగోదానికి అదీ లేదు. ఒక్కదానికీ రాతపూర్వకంగా జవాబు రాలేదు కాబట్టి, ఇంటి విషయాలు నలుగురిలో చెప్పుకునే అలవాటు లేని నేను డెబ్బై ఒకటో ఏట మీకు బహిరంగంగా రాయవలసి వచ్చింది. స్థల విభజన నిబంధనలు మీకు తెలియనివి కావు. ఆ దరఖాస్తులోని ఒక్క గడి నా పనిని ఎలా నిలిపివేసిందో మాత్రం చెప్పుకుంటాను.

మా దస్తావేజులో, భూమి కొలిచే పాత గొలుసు లెక్కన, స్థలం వెడల్పు 100 లింకులు, పొడవు 250 లింకులు అని ఉంది. అంటే 66 అడుగులకు 165 అడుగులు, మొత్తం 1,210 గజాలు. వీధి వైపు ఇల్లు, వెనకంతా తోట. ఆ తోట చివర 66 అడుగుల చదరం, అంటే 484 గజాలు, మా వెనకింటివారికి అమ్మదలిచాను. వారి ఇంటికి అవతలి వీధిలో సొంత గేటు ఉంది. మా రెండు పెరళ్లకూ మధ్య ఉన్నది ఒక్క ప్రహరీ గోడే. అది తీసేస్తే నేను అమ్మే ముక్క వారి పెరట్లో కలిసిపోతుంది. అక్కడ ఇల్లు కట్టబోమని, ఉన్న చెట్లు కొట్టబోమని వారు ఒప్పంద కాగితంలో రాసి సంతకాలు కూడా పెట్టారు.

ఇంత సులువైన పనికి అడ్డుపడింది ‘కొత్త స్థలానికి దారి వెడల్పు’ అన్న గడి. వెనక స్థలంలో కలుస్తుంది కాబట్టి దారి అవసరం లేదని అందులో రాశాను. దరఖాస్తు అసంపూర్తిగా ఉందని తిప్పి పంపారు. వెళ్లి అడిగితే 20 అడుగుల దారి చూపించమన్నారు. మా ఇంటికి పడమర ఆరు అడుగులు, తూర్పున 20 అడుగులు ఖాళీ ఉంది. తూర్పు ఖాళీ అంతా దారిగా చూపిస్తూ స్కెచ్ గీయించి తీసుకెళ్తే, పక్క టేబుల్ దగ్గర దాన్ని చూసి, ఇంటి గోడకు, దారికి మధ్య వదలవలసిన జాగా ఏదని మళ్లీ తిప్పారు. అయ్యా, ఆ రెండు షరతులూ ఒకేసారి నెరవేరాలంటే నేను ఉంటున్న ఇంటి గోడ పడగొట్టుకోవాలి. ఈ మాటే మూడో అర్జీలో రాశాను, నాలుగోదానిలోనూ రాశాను.

ఆ దారి లెక్కే ఒకసారి చూడండి. 99 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు అంటే 220 గజాలు. ఎవరూ నడవని దారి కోసం నా స్థలంలో 220 గజాలు పోవాలి. అందులోనే మా బావి ఉంది, మా అత్తగారు నాటిన వేపచెట్టు ఉంది. చెట్టు వేళ్లు కొమ్మల నీడ దాటి చాలా దూరం పాకుతాయి, వాటిలో ఎక్కువ భాగం పైనున్న రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. దారి కోసం ఒక పక్క తవ్వి, కంకర పోసి రోలర్ తొక్కిస్తే ఆ చెట్టు మొదట ఎండుతుంది, తర్వాత ఏ గాలివానకో ఇంటి మీదే పడుతుంది.

కొలతల తేడా అని ఇంకొక అభ్యంతరం వచ్చింది. పాత గొలుసులో లింకు 7.92 అంగుళాలు, వంద లింకులు 66 అడుగులు. సర్వేయరు గారు ఆ లెక్క వేసి చూపించాక అది తీరిపోయింది. దానికే రెండు నెలలు పట్టింది.

నన్ను ఎక్కువగా బాధపెట్టినది స్థల పరిశీలన. వస్తామని మూడుసార్లు తేదీ ఇచ్చారు. మొదటిసారి కొలతల ప్రకారం కొయ్య మేకులు పాతించి, వాటికి ఎర్రగుడ్డ పీలికలు కట్టించి, ఒక మేకు నుంచి ఇంకొక మేకుకు సున్నంతో గీత గీయించాను. పొద్దు గూకేదాకా అరుగు మీద కూర్చున్నాను, ఎవరూ రాలేదు. ఆ వారమే వానకు గీత కొట్టుకుపోయింది. రెండోసారి మళ్లీ గీయించాను, మళ్లీ ఎవరూ రాలేదు. మూడోసారికి నాలుగు మేకుల్లో రెండింటిని చెదలు తినేశాయి. పట్టుకుంటే పొడి రాలి, ఎర్రగుడ్డ ఒక్కటి చేతిలో మిగిలింది. అప్పుడు నాకు ఏడుపు వచ్చింది. వచ్చి ఒక్కసారి ఆ గోడ దగ్గర నిలబడి చూస్తే, అవతల వారి గేటు, వారి వీధి కనబడతాయి. అయిదు నిమిషాల పని.

మీ శాఖ సిబ్బంది చెడ్డవారని నేను అనడం లేదు. దరఖాస్తులో లేని సంగతిని తమంతట తాము ఒప్పుకోలేమని ఒక ఉద్యోగి నాతో మర్యాదగానే చెప్పారు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. స్థలాన్ని ముక్కలు చేసి కొత్త ఇళ్లకు అమ్మడం వేరు, పక్కపక్కనున్న ఇద్దరు తమ మధ్య హద్దు జరుపుకోవడం వేరు. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఆనుకుని ఉన్న నాలుగు స్థలాల వరకు, కొత్త స్థలం ఏర్పడనంత కాలం, ఇలాంటి హద్దు సవరణను విభజన చట్టం నుంచి మినహాయించారు. మన దరఖాస్తులో కూడా ‘ఆనుకుని ఉన్న స్థలంలో కలుపుటకు’ అని ఒక గడి పెట్టడానికి ఏమిటి అడ్డు?

ఈ అమ్మకం నాకు సరదా కాదు. మోకాళ్లు వంగవు, తోట చివరికి నీళ్లు మోయలేను, ఆ వైపు కలుపు నడుము ఎత్తు పెరిగింది. ఇంటి పైకప్పు మూడు చోట్ల కారుతోంది, ఆ మరమ్మతు ఈ డబ్బుతోనే జరగాలి. వెనకింటివారు బయానా ఇచ్చి ఏడాది దాటింది. వారు మంచివారు కాబట్టి ఓర్చుకుంటున్నారు గానీ, బయానా తిరిగి ఇవ్వమంటే నా దగ్గర లేదు. వేరేవారికి అమ్ముకోమని కొందరు సలహా ఇస్తున్నారు. వేరేవారు కొంటే అక్కడ ఇల్లు లేస్తుంది, చెట్లు పోతాయి, అప్పుడు నిజంగానే దారి కావలసి వస్తుంది. ఆ తోటను తోటగా ఉంచే మనుషులు దొరికినందుకే నేను అమ్మడానికి మనసు చేసుకున్నాను.

కనుక దయచేసి దారి షరతు నుంచి మినహాయింపు ఇప్పించండి. అది మీ చేతిలో లేకపోతే ఎవరి చేతిలో ఉందో రాతపూర్వకంగా తెలియజేయండి. ఏదీ కాకపోతే ఒక అధికారిని పంపి స్థలం చూడమనండి. తిరస్కరిస్తే కారణం రాసి తిరస్కరించండి, కనీసం బయానా సంగతి ఏదో ఒకటి తేల్చుకుంటాను. ఈసారి మేకులకు బదులు రాళ్లు పాతించాను. తేదీ చెప్పకుండా వచ్చినా ఫరవాలేదు, నేను ఇంట్లోనే ఉంటాను.

ఇట్లు,
నాలుగు అర్జీలు పెట్టుకున్న ఒక ఇంటి యజమానురాలు