ఒరేయ్ సుబ్బూ, నంబర్లకి ప్రాణం వచ్చింది

గుంటూరు, బ్రాడీపేట
శనివారం పొద్దున

ఒరేయ్ సుబ్బూ,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలు. ఇన్నాళ్ళూ జవాబు రాయలేదు, తిట్టు, పడతాను. ఇక్కడంతా కులాసా. అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి. మా మరదలి పెళ్ళి మాఘంలో, రాకపోతే ఊరుకోను. ఇంతే ఊసులు. ఇక ఆపుకోలేకపోతున్న సంగతి చెప్తా: నీ కోల్డ్ స్టోరేజీ మాన్యువల్లో పటాల నంబర్లు బతికాయిరా! మధ్యలో ఒక పటం చేరిస్తే మిగతా నంబర్లూ, వాక్యాల్లో వాటిని పిలిచిన నంబర్లూ వర్డ్ మళ్ళీ లెక్కపెట్టుకుంటుంది.

ముందు జబ్బేమిటో విను. నువ్వు మార్క్‌డౌన్‌లో (గుర్తులతో రాసే ఉత్త టెక్స్ట్) రాసిన ఫైల్ని ప్యాన్‌డాక్‌కిచ్చి (ఫైళ్ళని ఒక ఫార్మాటు నుంచి ఇంకోదానికి మార్చే ప్రోగ్రాము) వర్డ్ ఫైలు తీశావు. నంబర్ల కోసం దానికి క్రాస్‌రెఫ్ అనే ఫిల్టరు తగిలించావు. నీ తప్పేం లేదు. ఆ ఫిల్టరు పటాల్ని సరిగ్గానే లెక్కపెడుతుంది, "పటం 14 చూడండి" అని సరిగ్గానే వేస్తుంది, అడిగితే దానికో లింకు కూడా ఇస్తుంది. నొక్కితే ఆ పటం దగ్గరికి పోతాం. మనం బోల్తాపడింది అక్కడే. ఆ 14 అనేది లెక్క కాదు, ఒకటీ నాలుగూ అనే రెండు అంకెలంతే. మార్పిడి జరిగేటప్పుడు లెక్క తేల్చి రాసేసి ఫిల్టరు వెళ్ళిపోయింది. ఇక రోడ్డు ఎటు తిరిగినా అది మారదు. అచ్చం మన మంగళగిరి మైలురాయి! ఆ రాయి మీద అంకెని నమ్మి బస్సు దిగిపోయిన రోజు గుర్తుందిగా, అదే ఇది.

మనకి కావలసింది రాయి కాదు, కండక్టరు. ఎవరెక్కినా ఎవరు దిగినా మళ్ళీ లెక్కపెట్టేవాడు. వర్డ్‌లో ఆ పని మూడు కలిసి చేస్తాయి. పటం కింద శీర్షికలో సీక్వెన్స్ ఫీల్డు ఉంటుంది (ఫీల్డంటే వర్డ్ తనే లెక్కకట్టి నింపే చోటు), అది మొదటి పేజీ నుంచి తన పేరున్న వాటిని లెక్కపెట్టుకుంటూ వస్తుంది. ఆ నంబరు చుట్టూ ఒక బుక్‌మార్కు, అంటే ఆ చోటికి పెట్టిన పేరు. వాక్యంలో రిఫరెన్స్ ఫీల్డు, అది ఆ బుక్‌మార్కులో ఏముందో చూసి ఇక్కడ వేస్తుంది. మూడూ ఉంటేనే నంబరు బతికుంటుంది.

అందుకని లింకు నొక్కి చూసి బాగుందనుకోకు. పరీక్ష వేరే. మొదటి పటానికి ముందు ఉన్న శీర్షికల్లో ఒకటి కాపీ చేసి పేస్టు చెయ్యి, కంట్రోల్ ఎ (అంతా ఎంచుకోవడానికి), ఆ తర్వాత ఎఫ్9 (ఫీల్డుల్ని మళ్ళీ లెక్కపెట్టించడానికి). శీర్షికలన్నీ ఒక్కో నంబరు ముందుకు జరిగి, వాక్యాల్లో ఉన్నవీ జరిగితే బతికున్నట్టు. ఆల్ట్ ఎఫ్9 కొడితే నంబర్ల చోట కోడ్ కనిపిస్తుంది, మళ్ళీ కొడితే మామూలైపోతుంది. నీ పాత ఫైల్లో ఆ శీర్షికలకి ఒక్క సీక్వెన్స్ కోడూ లేదు.

ఇదంత పెద్ద విషయమా అంటావేమో. పెద్దదే సుబ్బూ. అది అమ్మోనియా ప్లాంటు. మీ ఇంజనీరుగారు వర్డ్‌లోనే మధ్యలో ఒక పటం చేరుస్తారు. ఆ తర్వాతి శీర్షికలన్నీ ఎవరో చేత్తో దిద్దుతారు, వాక్యాల్లో ఉన్నవి మర్చిపోతారు. రాత్రి డ్యూటీ కుర్రాడు ఘాటు తగలగానే పుస్తకం తెరిస్తే "పటం 14లో చూపిన వాల్వు మూసేయండి" అని ఉంటుంది. ఆ పాటికి 14లో వేరే వాల్వు ఉంటుంది. అది తల్చుకుంటే నాకు నిద్ర పట్టలేదు. సరే, సరే, మందు దొరికిందిగా.

దారి ఇది. నేరుగా వర్డ్‌కి వెళ్ళకు, ఓడీటీ (లిబ్రెఆఫీస్ ఫైలు ఫార్మాటు) మీదుగా వెళ్ళు. ప్యాన్‌డాక్ ఓడీటీ రాసేటప్పుడు రెండు ఎక్స్‌టెన్షన్లు (అదనపు సదుపాయాలు) ఒప్పుకుంటుంది: నేటివ్ నంబరింగ్ (native_numbering), ఎక్స్‌రెఫ్స్ నంబర్ (xrefs_number). మొదటిది శీర్షికలో నిజమైన లెక్క ఫీల్డు పెడుతుంది. రెండోది నువ్విచ్చిన లోపలి లింకుల్ని రిఫరెన్స్ ఫీల్డులుగా మారుస్తుంది. అవుట్‌పుట్ ఫార్మాటు పేరు పక్కన ప్లస్ గుర్తుతో రెండూ చేర్చు. క్రాస్‌రెఫ్ ఫిల్టరు తీసెయ్యి, అది ఉంటే ముందే అంకెలు రాసేస్తుంది.

మూలంలో, అంటే నీ మార్క్‌డౌన్ ఫైల్లో, మార్చాల్సిందీ ఉంది. క్రాస్‌రెఫ్ కోసం @ గుర్తుతో పిలిచినవన్నీ మామూలు లింకులవ్వాలి: చదరపు బ్రాకెట్లో ఏదో ఒక మాట, దాని పక్కన గుండ్రటి బ్రాకెట్లో # పెట్టి పటం ఐడీ (మూలంలో ఆ పటానికి నువ్వు పెట్టిన పేరు). ఆ చదరపు బ్రాకెట్లో మాటని ప్యాన్‌డాక్ పారేస్తుంది, నంబరొక్కటే మిగులుస్తుంది. కాబట్టి "పటం" అనే మాట లింకు బయట రాయి. లోపల రాశావో, వాక్యం "14 చూడండి" అని మిగుల్తుంది.

ఇంకోటి, నీ ఫైల్లో ఆరు పటాలకి అసలు శీర్షికే రాకపోవడానికి కారణం దొరికింది. బొమ్మ తన పేరాలో ఒంటరిగా ఉంటేనే ప్యాన్‌డాక్ దాన్ని పటంగా లెక్కేస్తుంది. పైనా కిందా ఖాళీ లైను ఉండాలి. పక్కన ఒక్క మాటున్నా అది వాక్యంలో బొమ్మే, నంబరుండదు. నువ్వు బొమ్మ పక్కనే "ఎడమవైపు కంప్రెసర్" అని రాశావు చూడు, అలాంటివి.

ఓడీటీ వచ్చాక లిబ్రెఆఫీస్‌లో (వర్డ్ లాంటి ఉచిత ప్రోగ్రాము) తెరువు. నంబర్లుండాల్సిన చోట ఖాళీగా కనిపిస్తే కంగారుపడకు, ఫీల్డులింకా లెక్కపెట్టలేదంతే. ముందు టూల్స్ మెనూలో హెడింగ్ నంబరింగ్‌కి వెళ్ళి అధ్యాయాలకి నంబర్లు పెట్టు (పాత వెర్షన్లలో చాప్టర్ నంబరింగ్ అని ఉంటుంది). ఇది లేకుండా "అధ్యాయం 3 చూడండి" దగ్గర 3 రాదు. తర్వాత ఎఫ్9. కంటితో ఒకసారి చూసుకుని, అప్పుడు సేవ్ యాజ్‌లో వర్డ్ ఫార్మాటు. ఈ వరస తప్పకు.

వర్డ్‌లో తెరిచాక మీ వాళ్ళకి చెప్పాల్సినవి ఉన్నాయి, ఇవి గట్టిగా చెప్పు. కొత్త పటం చేర్చాలంటే ఇన్సర్ట్ క్యాప్షన్ వాడొద్దు. సీక్వెన్స్ ఫీల్డు పేరుని బట్టి లెక్కపెడుతుంది. ఈ దారిలో వచ్చిన పటాల లెక్కకి ఇల్లస్ట్రేషన్ అని పేరు పడుతుంది, వర్డ్ పెట్టేదానికి ఫిగర్ అని. పేర్లు వేరైతే లెక్కలూ వేరే, కొత్త పటం మళ్ళీ 1 నుంచి మొదలవుతుంది. ఒకే బస్సులో ఇద్దరు కండక్టర్లన్నమాట! పాత శీర్షిక లైనొకటి కాపీ చేసి కొత్త చోట పేస్టు చేసి, మాటలు మార్చి, ఎఫ్9 కొట్టడమే మంచి పద్ధతి.

శీర్షిక మార్చాలంటే మాటలే మార్చాలి. లైను మొత్తం చెరిపేసి మళ్ళీ టైపు చేస్తే నంబరుతోపాటు బుక్‌మార్కూ పోతుంది. ఎఫ్9 కొట్టగానే వాక్యంలో "ఎర్రర్! రిఫరెన్స్ సోర్స్ నాట్ ఫౌండ్" అని బోల్డు అక్షరాల్లో వచ్చేది అందుకే. ప్రింటుకిచ్చే ముందు ఇంగ్లీషులో "Error!" అని ఒకసారి వెతకమను. కంట్రోల్ షిఫ్ట్ ఎఫ్9 మాత్రం పొరపాటున కూడా నొక్కొద్దు, ఎంచుకున్న ఫీల్డులన్నిటినీ ఉత్త అంకెలు చేసేస్తుంది. చేతులారా రాళ్ళు పాతుకున్నట్టే.

బొమ్మని అటూ ఇటూ జరిపి శీర్షికని టెక్స్ట్ బాక్సులో పెట్టినా చిక్కే. కంట్రోల్ ఎ టెక్స్ట్ బాక్సుల్ని, ఫుట్‌నోట్లని, హెడర్లని పట్టుకోదు, అక్కడి నంబర్లు పాతవే ఉండిపోతాయి. బొమ్మలన్నీ ఇన్ లైన్ విత్ టెక్స్ట్‌లోనే (అక్షరంలా వరసలో కూర్చునేలా) ఉంచమను. ఆప్షన్స్‌లో ఫీల్డ్ షేడింగ్ ఆల్వేస్ అని పెడితే బతికున్న నంబర్లన్నీ బూడిద రంగులో కనిపిస్తాయి, తెల్లగా ఉన్నవి రాళ్ళు. చూడగానే తెలిసిపోతుంది, నాకదెంత నచ్చిందో!

తెలుగులో ఉన్న జాగ్రత్తల అధ్యాయం గురించి. గవర్నర్‌పేటలో డీటీపీ చేయించింది అను ఫాంట్లలో ఉంది, అది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ గుర్తుపట్టే అక్షరాల కోడు) కాదు. ముందు యూనికోడ్‌కి మార్పించాకే మూలంలో పెట్టు, లేదంటే పిచ్చి గీతలే. ఫాంటు కూడా వర్డ్ ఫాంట్ డైలాగ్‌లో కాంప్లెక్స్ స్క్రిప్ట్ అన్న గడిలో ఎంచుకోవాలి, లాటిన్ గడిలో మార్చినా తెలుగు అక్షరం కదలదు.

ఒక్కటి మాత్రం మీ ఇంజనీరుగారితో ముందే తేల్చుకో: వాళ్ళు వర్డ్‌లో దిద్దడం మొదలుపెట్టాక నువ్వు మళ్ళీ మార్క్‌డౌన్ నుంచి తీస్తే వాళ్ళ దిద్దుబాట్లన్నీ పోతాయి. ఏ రోజు నుంచి వర్డ్ ఫైలే అసలుదో ఆ తేదీ రాసిపెట్టుకోండి.

పట్టికల సంగతి ఇంకా ఉంది. వాటికి ఐడీ పెట్టడానికి నేను చేసిందేమిటంటే... అమ్మో, పదకొండున్నర, పోస్టు డబ్బా తీసే వేళైంది. పట్టికలు రేపు రాస్తా. ముందు ఆ వాల్వుల అధ్యాయం ఒక్కటి ఈ దారిలో తీసి, ఎఫ్9 కొట్టి, ఏం జరిగిందో రాయి.

నీ
రాముడు