వచ్చే నెల నుంచి ఒక్కో బల్లకు ఐదుగురే

ఒక్కొక్కరు ఒక్కో పాత్ర పోషిస్తూ కలిసి కథ నడిపే రోల్‌ప్లేయింగ్ ఆట కోసం ఒంగోలులోని మా ఆటగదికి వారం వారం వచ్చే ఆటగాళ్లకు, వారిని నమ్మకంతో పంపుతున్న తల్లిదండ్రులకు నమస్కారం. వచ్చే నెల నుంచి ఒక్కో బల్ల దగ్గర ఎనిమిది మందికి బదులు ఐదుగురినే కూర్చోబెట్టాలని నిర్ణయించాను. దానితోపాటు ఒక పూట ఆటకు తీసుకునే రుసుము 200 రూపాయల నుంచి 320 రూపాయలకు పెరుగుతుంది. ఈ రెండూ ఒకదానితో ఒకటి ముడిపడిన నిర్ణయాలు కాబట్టి, వాటి వెనుక ఉన్న లెక్కను దాచకుండా మీ ముందు ఉంచుతున్నాను.

మన ఆట మూడు గంటలు సాగుతుంది. అందులో దాదాపు గంటసేపు కథను నడిపించే గేమ్ మాస్టర్‌గా నా మాటలకే పోతుంది, ఎందుకంటే చోటును వర్ణించడం, ఎదురుపడిన మనుషుల తరఫున బదులు చెప్పడం, డైస్ పడ్డాక ఏం జరిగిందో వివరించడం నా పనులే. మిగిలిన 120 నిమిషాలను ఎనిమిది మంది పంచుకుంటే తలకు పావుగంట, ఐదుగురు పంచుకుంటే 24 నిమిషాలు వస్తాయి. నిజానికి ఆ పావుగంట కూడా అందరికీ సమానంగా అందడం లేదు. చొరవగా మాట్లాడే ఇద్దరు ముగ్గురు కథను ముందుకు లాక్కుపోతుంటే, తక్కినవారు తమ వంతు కోసం ఎదురుచూస్తూ ఫోన్లలోకి తల దించుకుంటున్నారు. యుద్ధ ఘట్టం వచ్చిందంటే ఆ నిరీక్షణ ఇంకా పెరుగుతుంది.

ఒక్కొక్కరి వంతుకు కాస్త ఎక్కువ సమయం దొరికితే ఏమవుతుందో, చాలా పూటలపాటు ఒకే కథగా సాగే మన మోటుపల్లి క్యాంపెయిన్‌లో చూశాను. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం ఆ కథకు ఆధారం. తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారని, తాను మాత్రం నిర్ణీత సుంకం తప్ప మరేదీ తీసుకోనని ఆయన సముద్ర వర్తకులకు అందులో అభయమిచ్చాడు. ఎగుమతి దిగుమతులపై ఆ సుంకం ముప్పయ్యో వంతు. 2022లో జిల్లాలను విడదీసినప్పుడు ఆ ఊరు బాపట్ల జిల్లాలోకి వెళ్లింది గానీ, అంతకుముందు మన ప్రకాశం జిల్లాదే. ఆ శాసనం చుట్టూ నేను అల్లుకున్నది కొంచెమే. నూలు బట్టల మూటలతో రేవు నుంచి బయలుదేరిన ఓడ ఆ రాత్రే గాలివానకు విరిగి వెనక్కి కొట్టుకువస్తుంది, పాత అలవాటు మానుకోలేని గ్రామాధికారి సరుకులో కొంత దాచేస్తాడు, వర్తకుడు శాసనం పేరు చెప్పి న్యాయం అడుగుతాడు.

ఒక పూట ఆ బల్లకు ఐదుగురే వచ్చారు. ఓడలో ఉన్నవే 450 మూటలని గ్రామాధికారి పాత్రలో నేను వాదిస్తున్నాను. సుంకం గుమస్తా పాత్ర పోషిస్తున్న ఒక డిగ్రీ విద్యార్థి, అప్పటిదాకా పెద్దగా మాట్లాడనివాడు, తన పాత్ర వివరాలుండే కాగితం (క్యారెక్టర్ షీట్) పక్కకు పెట్టి, "సార్, ఓడ బయలుదేరేముందు ఎగుమతి సుంకం కింద మా దగ్గర ఎన్ని మూటలు జమయ్యాయి?" అని అడిగాడు. ఆట సౌలభ్యం కోసం సుంకాన్ని సరుకు రూపంలోనే రాసుకున్నాను కాబట్టి నోటుపుస్తకం తిరగేసి, ఇరవై అని చెప్పాను. ముప్పయ్యో వంతు ఇరవై అయితే మొత్తం 600 అని అతడు అక్కడికక్కడే తేల్చాడు. గ్రామాధికారి అబద్ధాన్ని అలా పట్టుకోవచ్చని కథ రాసిన నాకే తట్టలేదు. ఇక దాన్ని ఊరిపెద్దల ముందు ఒప్పించాలి. డైస్ మీద పడిన అంకెకు పాత్ర నైపుణ్యం కలిపితే ఆ పని కష్టానికి పెట్టిన అంకెను అందుకోవాలి. ఇక్కడ కష్టం 15, అతడి నైపుణ్యం మూడు, అంటే ఇరవై ముఖాల డైస్ మీద పన్నెండు గానీ అంతకు మించి గానీ పడాలి. ఒంటరిగా ప్రయత్నిస్తే అవకాశం 45 శాతం. మూటలు మోసిన బెస్త స్త్రీ పాత్రలో ఉన్న అమ్మాయి సాక్ష్యానికి నిలబడటంతో రెండుసార్లు వేసి పెద్దదాన్ని తీసుకునే వీలు కలిగి, అవకాశం దాదాపు 70 శాతానికి చేరింది. మొదట ఆరు, తర్వాత పదిహేడు పడ్డాయి.

ఎనిమిది మంది ఉన్నప్పుడు అలాంటి ప్రశ్న పుట్టేలోపే కథ మరో చోటికి వెళ్లిపోతుంది. అందుకే బల్లను తగ్గిస్తున్నాను.

రుసుము విషయానికి వస్తే, ఎనిమిది మంది 200 చొప్పున ఇచ్చినా, ఐదుగురు 320 చొప్పున ఇచ్చినా బల్లకు వచ్చేది 1,600 రూపాయలే. గది అద్దె, కరెంటు, ప్రింట్లు, టీ అందులోంచే వెళ్లాలి. ఈ మార్పుతో నాకు అదనంగా మిగిలేది ఏమీ లేదు, కానీ మీలో చదువుకుంటున్నవారికి 120 రూపాయలు చిన్న మొత్తం కాదని నాకు తెలుసు. అందువల్ల ప్రతి నెలా మొదటి ఆదివారం ఒక్క పూటలో ముగిసే కథను పాత రుసుముకే నడుపుతాను. పాత్రలను నేనే సిద్ధం చేసి ఇస్తాను కాబట్టి కొత్తవారికి కూడా అది అనువుగా ఉంటుంది.

అచ్చైన కథలు కొని నడిపితే శ్రమ తగ్గుతుంది కదా అని కొందరు శ్రేయోభిలాషులు అంటున్నారు. తగ్గుతుంది. 1974లో ఈ తరహా ఆటైన డంజన్స్ అండ్ డ్రాగన్స్ వెలువడిన నాటి నుంచి అలాంటి కథలకు కొరత లేదు, వాటిలో మంచివీ చాలా ఉన్నాయి. అయితే ఆటగాడు ఊహించని ప్రశ్న వేసినప్పుడు, ఆ రేవునూ ఆ మనుషులనూ ఎరిగినవాడే తడుముకోకుండా జవాబు చెప్పగలడు. నియమాలను మాత్రం ఆ ఆట నుంచే తీసుకున్నాం. 2023 జనవరిలో దాని ఐదో ఎడిషన్ మూల నియమాల పత్రాన్ని క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు. మూలాన్ని పేర్కొంటే వ్యాపారానికి కూడా వాడుకోవచ్చు కాబట్టి, మీకిచ్చే నియమాల కాగితం అడుగున ఆ ప్రస్తావన ఉంటుంది.

డైస్ చూసి ఇది జూదమేమోనని ఇటీవల ఒక తండ్రి ఆందోళనపడ్డారు. మా గదిలో పందెం ఉండదు, ఒకరు గెలిచి మరొకరు ఓడేదీ ఉండదు. తల్లిదండ్రులు ఎప్పుడైనా వచ్చి పూర్తి ఆట చూడవచ్చు.

ఇప్పుడు నడుస్తున్న మోటుపల్లి బల్ల రెండుగా విడిపోతుంది. మీ పాత్రలు, అవి సంపాదించుకున్న నైపుణ్యాలు, వస్తువులు అలాగే కొనసాగుతాయి. ఎవరు ఏ బల్లకు వెళ్లాలో నేను నిర్ణయించను. ఎవరితో ఆడాలనుకుంటున్నారో, ఏ రోజు వీలవుతుందో ఈ నెలాఖరులోగా చెప్పండి. ముందే మూడు నెలల రుసుము కట్టినవారికి ఆ గడువు ముగిసేదాకా పాత ధరే వర్తిస్తుంది, మానుకోదలచినవారికి మిగిలిన సొమ్ము తిరిగి ఇస్తాను. మూడో బల్ల కావాలని అడుగుతున్నవారు కొంత ఆగాలి, ఎందుకంటే రెండు కథలకు మించి శ్రద్ధగా రాయడం నా ఒక్కడి వల్ల కాదు. మీలో ఎవరికైనా గేమ్ మాస్టర్‌గా కూర్చోవాలన్న ఆసక్తి ఉంటే నా పక్కన కొన్ని పూటలు ఉండి నేర్చుకోవచ్చు, సొంతంగా బల్ల నడపడం మొదలుపెట్టిన రోజు నుంచి ఆ బల్ల రాబడిలో సగం వారిదే.