నా ప్రూఫులు ఓపికగా చదివినవాళ్లకు కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్ఐ)లో నాకు బీస్టాట్, అంటే స్టాటిస్టిక్స్ డిగ్రీ, సీటు వచ్చింది. సెలెక్షన్ లిస్టులో పేరు కనిపించినప్పటి నుంచి ఇంటికి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. "నీ కష్టం ఫలించిందమ్మా" అంటున్నారు అందరూ. కష్టపడ్డాను, నిజమే. కానీ ఈ సీటు వెనక ఎంతమంది చేతులున్నాయో నాకు తెలుసు. అందులో కొందరికి తాము చేసిన సాయం ఎంత పెద్దదో కూడా తెలియదు. పేర్లు రాయొద్దని కొందరు గట్టిగా చెప్పారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. చదివితే ఎవరి గురించో వాళ్లకే తెలుస్తుంది.

మన దగ్గర ఎంపీసీ తీసుకున్న పిల్లలకు ఐఐటీ, ఎన్ఐటీ, లేదంటే ఎంసెట్ (ఇప్పటి ఎప్‌సెట్) అని మూడే దారులు చూపిస్తారు. ఐఎస్ఐ అనేది ఒకటుందని నాకు ఇంటర్ ఫస్టియర్ దాకా తెలియదు. గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ గారు 1931లో కోల్‌కతాలో మొదలుపెట్టిన సంస్థ ఇది. 1959లో పార్లమెంటు చట్టం చేసి జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థగా గుర్తించింది. గచ్చిబౌలి వైపు తిరిగేవాళ్లు రోజూ గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు గారి పేరున్న రోడ్డు మీదుగా వెళ్తుంటారు. ఆ రావు గారు ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథ్స్ ఎమ్మే చేసి, ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లి, 1941లో ఈ ఐఎస్ఐలోనే చేరారు. 1945లో, పాతికేళ్ల వయసులో, ఆయన ప్రచురించిన పేపర్‌లో, ఒక అంచనా ఎంతవరకు కచ్చితంగా ఉండగలదో చెప్పే ఫలితాన్ని ప్రపంచమంతా క్రామర్–రావ్ బౌండ్ పేరుతో చదువుకుంటోంది. దాదాపు నలభై ఏళ్లు ఆయన అక్కడే పనిచేశారు. 2023లో, 102 ఏళ్ల వయసులో, ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ అందుకుని అదే ఏడాది కన్నుమూశారు. ఒక తెలుగాయన అంత పని చేసిన చోటికి వెళ్తున్నానంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తోంది.

ఈ సంగతులన్నీ నాకు చెప్పింది హబ్సిగూడలో ఉండే మా మ్యాథ్స్ సార్. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. మా నాన్న పనిచేసే ప్రింటింగ్ ప్రెస్‌కి మనవరాలి శుభలేఖలు వేయించుకోవడానికి వచ్చి, మాటల్లో "మా అమ్మాయికి లెక్కలంటే ప్రాణం సార్" అని నాన్న అంటే, "ఆదివారం పంపించు" అన్నారట. ఆ ఒక్క మాట మీద మొదలైంది ఇదంతా. ఫీజు ఎంత సార్ అని నాన్న అడిగితే, ఇంకోసారి ఆ మాటెత్తితే రానివ్వనన్నారు.

ఆయన సాయం ఎంతటిదో అర్థం కావాలంటే పరీక్ష ఎలా ఉంటుందో కొంచెం చెప్పాలి. పొద్దున పేపర్‌లో ముప్పై ఆబ్జెక్టివ్ ప్రశ్నలు. మధ్యాహ్నం పేపర్‌లో ఎనిమిదే ప్రశ్నలు, రెండు గంటలు. ఆప్షన్లు ఉండవు, జవాబు వస్తే చాలదు, ఎందుకు వచ్చిందో అడుగడుగునా రాయాలి. మేం కాలేజీలో రెండేళ్లు నేర్చుకునేది దీనికి పూర్తిగా వేరు. షార్ట్‌కట్, ఎలిమినేషన్, ఒక ప్రశ్నకు రెండు నిమిషాలు. ఆబ్జెక్టివ్ ప్రాక్టీసుకు కీ ఉంటే చాలు, ఎవరి పేపర్ వాళ్లే దిద్దుకోవచ్చు. ప్రూఫ్, అంటే ఒక మాట ఎందుకు నిజమో మెట్టు మెట్టుగా రాసే రుజువు, అలా కాదు. మనం రాసింది మన కంటికి ఎప్పుడూ కరెక్టుగానే కనిపిస్తుంది. ఇంకో మనిషి కూర్చుని, లైను లైనూ చదివి, ఇక్కడ ఆగింది అని చెప్పాలి. డబ్బులు కట్టినా దొరకని సాయం అది, ఎందుకంటే ఒక్క పేజీ సరిగ్గా చదవడానికి అరగంట పడుతుంది.

సార్ దగ్గర మొదట్లో చేసిన ఒక ప్రశ్న చెప్తాను. 1 నుంచి 100 వరకు ఉన్న సంఖ్యల్లోంచి ఏ 51 తీసుకున్నా, వాటిలో ఒకటి ఇంకోదాన్ని శేషం లేకుండా భాగిస్తుందని చూపించాలి. నేను 51 నుంచి 100 దాకా రాసి, ఇవి యాభై, వీటిలో ఏదీ దేన్నీ భాగించదు, ఇంకొక్కటి కలిపితే భాగించక తప్పదు అని రాశాను. సార్ పెన్సిల్‌తో పక్కన చిన్నగా "మిగతావి?" అని రాశారు. "నువ్వు ఒక గుంపు చూపించినవ్ బిడ్డా. నేను వేరే 51 తెస్తే?" అన్నారు. అంతే, ఇంకేం చెప్పలేదు. జవాబు చెప్పమని బతిమాలినా చెప్పలేదు. వారమంతా బస్సులో, అన్నం తినేటప్పుడు, నిద్రలో కూడా అదే. ఆఖరికి తట్టింది. ఏ సంఖ్య తీసుకున్నా అందులోని రెండ్లన్నీ తీసేస్తూ పోతే చివరికి ఒక బేసి సంఖ్య మిగులుతుంది. వంద లోపు బేసి సంఖ్యలు యాభైయే. మన దగ్గరున్నవి 51. కాబట్టి ఏవో రెండింటికి ఒకే బేసి సంఖ్య మిగలాలి. ఆ రెండింటికీ తేడా ఆ బేసి సంఖ్యను ఎన్ని రెండ్లతో గుణించామన్నదే కాబట్టి చిన్నది పెద్దదాన్ని భాగిస్తుంది.

పరుగెత్తుకెళ్లి నోటితో చెప్పేశాను. సార్ నవ్వి, "రాయి" అన్నారు. రాశాను. "మళ్లీ రాయి. నీ పేపర్ దిద్దే మనిషి నిన్ను చూడడు. నీ మొహం చూసి, నీకు తెలుసులే అనుకునే అవకాశం ఆయనకు లేదు. కాగితం మీద ఉన్నదే నువ్వు" అన్నారు. పరీక్ష హాల్లో మధ్యాహ్నం పేపర్ రాసేటప్పుడు ఆ మాటే నా వెంట ఉంది. సార్, మీరు కళ్లద్దాలు తుడుచుకుంటూ నా పిచ్చి రాతను పట్టి పట్టి చదివిన ప్రతి ఆదివారానికీ నేను రుణపడి ఉన్నాను.

పొద్దున పేపర్ గురించి ఒక సంగతి వచ్చే ఏడాది రాసేవాళ్లకు పనికొస్తుంది. కరెక్టు జవాబుకు 4 మార్కులు, తప్పుకు సున్నా, అసలు ముట్టుకోకుండా వదిలేస్తే 1. జేఈఈ అలవాటుతో చూస్తే వింతగా ఉంటుంది. ఏమీ తెలియక నాలుగింటిలో ఒకటి గుడ్డిగా పెడితే సగటున వచ్చేది ఒక మార్కే, వదిలేసినా ఒకటే. అదే రెండు ఆప్షన్లు కచ్చితంగా కావని తేల్చగలిగితే సగటున రెండొస్తాయి, అప్పుడు పెట్టడమే మేలు. ఇది నాకు లెక్కగట్టి చూపించింది ఐఎస్ఐలోనే చదువుతున్న వరంగల్ అక్క.

ఆ అక్కను నేను ఇంతవరకు నేరుగా చూడలేదు. సార్ పాత స్టూడెంట్ ఒకరి ద్వారా నంబర్ దొరికితే భయపడుతూ మెసేజ్ పెట్టాను. "నువ్వు రాసింది ఫోటో తీసి పంపు, మాటలు తర్వాత" అని జవాబొచ్చింది. అప్పటి నుంచి పంపుతూనే ఉన్నాను. తనకు సెమిస్టర్ పరీక్షలున్నప్పుడు కూడా, రాత్రి పన్నెండు దాటాక నా ఫోటోల మీద ఎర్ర గీతలతో తిరిగొచ్చేవి. సార్ ప్రశ్న వేసి వదిలేస్తే, అక్క నేను దాటేసిన మెట్టు దగ్గర వేలు పెట్టి చూపించేది. "ఈ లైనుకీ ఆ లైనుకీ మధ్య ఏం జరిగింది? n సున్నా అయితే భాగించొచ్చా?" ఇలా ఉండేవి ఆమె మాటలు. ఇంటర్వ్యూకి ముందు ఫోన్లో ప్రశ్నలడిగి ప్రాక్టీసు చేయించింది. "జవాబు రాకపోతే మౌనంగా ఉండకు. నీ తలలో ఏం నడుస్తోందో పైకి చెప్పు. వాళ్లు చూసేది నువ్వెలా ఆలోచిస్తావన్నదే" అని మరీ మరీ చెప్పింది. ఇంటర్వ్యూలో ఒక ప్రశ్న దగ్గర నిజంగానే ఆగిపోయాను. అక్క చెప్పినట్టే ఆలోచిస్తున్నది పైకి చెప్తూ పోతే, ఎదురుగా ఉన్న ప్రొఫెసర్ చిన్న దారి చూపించారు. అక్కడి నుంచి వచ్చేసింది. అక్కా, వచ్చాక మొదట నిన్నే వెతుక్కుంటూ వస్తాను.

మా వీధి చివర మీసేవ సెంటర్ అన్నకు ప్రత్యేకంగా దండం పెట్టాలి. ఇంటర్ పబ్లిక్ పరీక్షలు, ఐఎస్ఐ దరఖాస్తు దాదాపు ఒకేసారి వచ్చాయి. మా దగ్గర రాష్ట్రం ఇచ్చిన బీసీ సర్టిఫికెట్ ఉంది, అది చాలుననుకున్నారు ఇంట్లో. అన్న నోటిఫికేషన్ మొత్తం చదివి, "ఇది సెంట్రల్ సంస్థ చెల్లె, ఓబీసీ నాన్ క్రీమీలేయర్ కావాలె, దాని ఫార్మాట్ వేరే ఉంటది" అని తనే అప్లికేషన్ పెట్టాడు. తహసీల్దార్ ఆఫీసులో ఎక్కడుందో కనుక్కుంటూ, నాన్న డ్యూటీలో ఉంటే తనే వెళ్లి అడిగొచ్చాడు. చాలా సెంట్రల్ అడ్మిషన్లలో ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్న సర్టిఫికెట్టే అడుగుతారని కూడా అన్నే చెప్పాడు. మన బీసీ పిల్లలు ఎంతోమంది ర్యాంకు వచ్చాక ఈ కాగితం కోసం పరుగులు పెడతారు. దయచేసి ముందే తీసి పెట్టుకోండి.

అశోక్‌నగర్ సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కి చదువుకునే అన్నలకు, అక్కలకు కూడా థాంక్స్. అంత రద్దీలో, కుర్చీ దొరకడమే గగనమైన చోట, నేను కాలేజీ నుంచి వచ్చే టైముకి ఎవరో ఒకరు నా కోసం బ్యాగు పెట్టి సీటు ఆపేవారు. తమ నోటిఫికేషన్ల టెన్షన్ తమకుండగా ఈ పిల్ల గురించి ఆలోచించారు. మీ అందరికీ పోస్టింగులు రావాలని మనసారా కోరుకుంటున్నాను.

ఇక ఇంట్లోవాళ్లు. "ఇంజనీరింగ్ వదిలేసి స్టాటిస్టిక్సా? దాంతో ఏం ఉద్యోగం వస్తది?" అని అడగని చుట్టం లేడు. మంచి కోరే అడిగారు, నాకు కోపం లేదు. అక్కడ ట్యూషన్ ఫీజు లేదని, మార్కులు నిలబెట్టుకుంటే నెలకు 5,000 రూపాయల స్టైపెండ్ ఇస్తారని చెప్తే సగం మంది నమ్మలేదు. జవాబు చెప్పింది మా అమ్మ. అమ్మ అంగన్‌వాడీ టీచర్. నెల నెలా పిల్లల బరువులు, ఎత్తులు కొలిచి రిజిస్టర్లో రాస్తుంది, ఇప్పుడు పోషణ్ ట్రాకర్ యాప్‌లో కూడా ఎక్కిస్తుంది. బరువు తగ్గిన పిల్ల కనిపిస్తే ఆ రోజు ఇంట్లో అన్నం సరిగ్గా తినదు. పెద్దమ్మ వాళ్లింట్లో అందరూ కూర్చుని ఉండగా అమ్మ అంది: "నేను రాసే అంకెలు ఎక్కడో ఎవరో కూడి, ఏ ఊళ్లో పిల్లలు బక్కగైతున్నరో చూస్తరు గదా. ఆ చూసే పని నేర్చుకోనీకి పోతుంది నా బిడ్డ." మహలనోబిస్ గారి ఆధ్వర్యంలో 1950లో మొదలైన, కొన్ని ఇళ్లను ఎంచి అడిగి దేశం పరిస్థితిని అంచనా వేసే నేషనల్ శాంపుల్ సర్వే గురించి నేను ఎంత చదివినా, ఆ చదువు ఎందుకో అమ్మ చెప్పినంత సూటిగా నాకెవరూ చెప్పలేదు. ఆ తర్వాత ఎవరూ ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు.

నాన్న ఎక్కువ మాట్లాడరు. ప్రెస్‌లో ఒకవైపు అచ్చుపడి వేస్టయిన షీట్లు ఓనర్‌ని అడిగి తెచ్చి, సైజుకు కోసి, కుట్టి ఇచ్చేవారు. నేను రాసిన ప్రూఫులన్నీ ఎవరివో పెళ్లి పత్రికలు, ఎన్నికల కరపత్రాల వెనక ఉన్నాయి. పరీక్ష రోజు మే నెల ఎండలో గేటు బయట చెట్టు కింద పొద్దంతా నిలబడ్డారు. రెండు పేపర్ల మధ్య పెరుగన్నం డబ్బా తెరిచి ఇచ్చి, పేపర్ ఎలా ఉందని కూడా అడగలేదు. మధ్యాహ్నం పేపర్‌కి నా మనసు చెదరకూడదని అడగలేదని ఇంటికొచ్చాక అమ్మతో చెప్తుంటే విన్నాను.

రిజల్ట్ వచ్చిన సాయంత్రం స్వీట్ బాక్సుతో సార్ ఇంటికి వెళ్లాం. సార్ నాన్న చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తర్వాత నా వైపు తిరిగి, "మధ్యాహ్నం పేపర్‌లో ఆ ఆరో ప్రశ్న నాకింకా తెగలేదు. నువ్వెట్ల చేసినవో చూపించు" అని పెన్సిల్ ఇచ్చారు.

కోల్‌కతా వెళ్లేలోపు ఒక పని మొదలుపెడుతున్నాను. వచ్చే ఏడాది ఐఎస్ఐకి రాయాలనుకునే తెలుగు పిల్లలు ఎవరైనా, ముఖ్యంగా కోచింగ్ లేనివాళ్లు, రాసిన ప్రూఫ్‌ని వెలుతురులో ఫోటో తీసి నాకు మెసేజ్‌లో పంపండి. సార్ నంబర్ మాత్రం అడగొద్దు, ఆయన ఆరోగ్యం అంత బాగాలేదు. జవాబులు నేను చెప్పను, కానీ ప్రతి లైనూ చదువుతాను. క్లాసులు మొదలయ్యాక ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు. పేపర్ మీద మీ పేరు, ప్రశ్న పూర్తిగా రాయడం మర్చిపోకండి.