బ్లోయరు తిరగడం లేదని వెంటనే మోటారు మార్చేయకండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఎండాకాలం వస్తే కార్ల జాగ్రత్తల గురించి పత్రికలన్నీ రాస్తాయి. కూలెంటు చూసుకోండి, టైర్లలో గాలి చూసుకోండి, బ్యాటరీ నీళ్లు చూసుకోండి అంటారు. అన్నీ అవసరమే. డాష్‌బోర్డు వెనక ఉండి కారు లోపలికి గాలి కొట్టే బ్లోయరు మోటారు మాట మాత్రం ఎక్కడా కనపడదు. కడప, ఎర్రగుంట్ల, ప్రొద్దుటూరు పక్క ఇప్పటికీ మారుతి 800లు, అంబాసిడర్లు, అక్కడక్కడా ప్రీమియర్ పద్మినులు తిరుగుతున్నాయి. మారుతి 800, అంబాసిడర్ రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది. అంటే వీటిలో అన్నిటికన్నా కొత్త బండి కూడా పదేళ్లు దాటినదే. ఈ బండ్లలో బ్లోయరు నిలిచిపోతే మన షెడ్లలో చాలాచోట్ల చేస్తున్న వైద్యం బండికీ, అందులో కూర్చున్నవాళ్లకీ ప్రమాదం తెచ్చేలా ఉంది. అందుకే ఈ ఉత్తరం.

మన ఎండలకు హీటరు ఎవరికి కావాలి అంటారు. ఆ మాట పట్టుకుని, ఇంజను వేడినీళ్లను హీటరులోకి తెచ్చి తిరిగి తీసుకుపోయే పైపులు రెండూ కోసి ఒకదానికొకటి కలిపేస్తారు. కడప నుంచి రాయచోటికి పోతూ గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు హీటరు అవసరం తెలుస్తుంది. మే నెల, బండి నిండా మనుషులు, ఏసీ నడుస్తోంది, టెంపరేచరు ముల్లు పైకి పోతోంది. అప్పుడు ఏసీ ఆపి, అద్దాలు దించి, హీటరు నాబు పూర్తిగా వేడి వైపు తిప్పి, బ్లోయరు పై స్పీడులో పెడితే ఇంజను వేడిలో కొంత లోపలికి వచ్చేస్తుంది. హీటరు కోర్ అంటే అదీ ఒక చిన్న రేడియేటరే కదా. బండిని నీడన ఆపుకునేదాకా హెడ్ గాస్కెట్ (ఇంజను హెడ్ కింద ఉండే సీలు) నిలబడటానికి ఆ కాస్త సాయం చాలు. హీటరు పెట్టినా చల్లగాలే వస్తోందంటే నీళ్లు కారిపోయాయని గుర్తు, అక్కడికక్కడే ఇంజను ఆపాలి. వేడి మీద రేడియేటరు మూత తీయకూడదని వేరే చెప్పక్కర్లేదు. బ్లోయరు తిరగని బండిలో ఈ దారే ఉండదు.

వానాకాలంలో ముందు అద్దానికి ఆవిరి పట్టినప్పుడు కూడా దాన్ని తరిమేది బ్లోయరే. గుడ్డతో తుడుచుకుంటూ నడపడం రాత్రిపూట ఎంత ప్రమాదమో నడిపేవాళ్లకు తెలుసు.

ఇక ఏసీ బండ్ల సంగతి. బ్లోయరు బలం తగ్గితే కూలింగ్ కాయిల్ మీదుగా గాలి సరిగా పోదు, కాయిల్‌కు మంచు కడుతుంది, కాసేపటికి గాలి పూర్తిగా ఆగిపోతుంది. ఓనరు వచ్చి "కూలింగ్ తగ్గిందన్నా" అంటాడు. మోటారు వంక చూడకుండా గ్యాస్ ఎక్కిస్తారు. గ్యాస్ ఎక్కువైతే ప్రెషరు పెరిగి కంప్రెషరు మీద భారం పడుతుంది. బయలుదేరినప్పుడు చల్లగా ఉండి, అరగంటకు గాలి తగ్గి, కాసేపు ఏసీ ఆపితే మళ్లీ గాలి వస్తోందంటే ముందు బ్లోయరునూ కాయిల్ మీది చెత్తనూ అనుమానించాలి. గ్యాస్ సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

మన ప్రాంతంలో ఈ మోటార్లు త్వరగా పోవడానికి కారణాలు కళ్లెదుటే ఉన్నాయి. ఎర్రగుంట్ల పక్క సిమెంటు దుమ్ము, కడప బండలు కోసే చోట రాతిపొడి, ఎండకు లేచే నల్లరేగడి దుమ్ము. ఈ పాత బండ్లలో క్యాబిన్ ఫిల్టరు ఉండదు. ముందు అద్దం కింద ఉన్న జాలీ గుండా గాలితో పాటు అన్నీ లోపలికి పోతాయి. నీడ కోసం బండిని వేపచెట్టు కింద పెడతాం. ఉగాదికి ముందు రాలే ఆకు, తర్వాత రాలే పూత జాలీలోంచి జారి ఫ్యాను గూడులో చేరతాయి. గూడు విప్పితే ఎండిన వేపాకు గుప్పెళ్లకొద్దీ వస్తుంది. ఫ్యాను రెక్కల మధ్య అది ఇరుక్కుంటే తూకం తప్పుతుంది. తూకం తప్పిన ఫ్యాను షాఫ్టును ఊపుతుంది, షాఫ్టును పట్టుకుని ఉండే బుష్షు అరుగుతుంది, మోటారు బిగుసుకుని ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ కరెంటుకు స్విచ్చు, కప్లరు (వైర్లు కలిపే ప్లగ్గు), కింది స్పీడుల కోసం కరెంటు తగ్గించే రెసిస్టరు ఒకదాని తర్వాత ఒకటి కాలతాయి. కాబట్టి కాలినది ఏదో తెలియగానే పని అయిపోయినట్టు కాదు, అది ఎందుకు కాలిందో కూడా తేల్చాలి.

బ్లోయరు తిరగలేదంటే మోటారే పోయిందని తేల్చేయడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. లక్షణం చూస్తే సగం తెలుస్తుంది. పై స్పీడు ఒక్కటే పనిచేసి కింది స్పీడులు పోతే మోటారు బాగున్నట్టే, పోయింది రెసిస్టరు. కింది స్పీడులు ఉండి పైది పోతే స్విచ్చునో, రిలే ఉంటే దాన్నో చూడాలి. ఏదీ పనిచేయకపోతే ఫ్యూజు, ఎర్తు (కరెంటు బ్యాటరీ మైనస్‌కు తిరిగిపోయే దారి), మోటారు ఈ వరుసలో చూసుకోవాలి. మోటారు మీద స్క్రూడ్రైవరు పిడితో మెల్లగా తడితే తిరిగిందంటే లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే బ్రష్షులు అరిగాయి. మొదట్లో కీచుమని అరిచి, వేడెక్కాక సద్దు తగ్గితే బుష్షులో నూనె ఎండిపోయింది.

టెస్ట్ ల్యాంపు పట్టుకునేవాళ్లు తరచుగా పడే గుంత ఒకటుంది. జపాన్ పద్ధతి వైరింగ్ ఉన్న కార్లలో చాలావరకు మోటారుకు ప్లస్ నేరుగా వస్తుంది, స్విచ్చూ రెసిస్టరూ ఎర్తు వైపు ఉంటాయి. అక్కడ ప్లస్ వైరుకు ల్యాంపు వెలిగింది కాబట్టి మోటారు పోయిందనడం తప్పు, ఎర్తు అందకపోయినా మోటారు తిరగదు. బ్లోయరు స్విచ్చు పై స్పీడులో పెట్టి, మీటరు ఒక పుల్ల మోటారు మైనస్ వైరుకూ రెండోది బ్యాటరీ మైనస్ బొడిపెకూ పెట్టి చూడాలి. అర వోల్టు దాటి చూపిస్తే ఎర్తు దారిలో ఎక్కడో తుప్పో, కాలిన కప్లరో ఉంది. ఆ తర్వాత కప్లరు ఊడదీసి, మధ్యలో 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టిన రెండు వైర్లతో మోటారుకు బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇవ్వాలి. ఒక నిమిషం సద్దు లేకుండా జోరుగా తిరిగితే ఆ మోటారు మార్చాల్సింది కాదు. కరెంటు కొలిస్తే ఇంకా మంచిది. ఈ చిన్న కార్ల మోటార్లు పై స్పీడులో సుమారు 7 నుంచి 12 ఆంపియర్ల దాకా తీసుకుంటాయి. అంతకు మించి లాగుతుంటే షాఫ్టు బిగుసుకుంటోంది. క్లాంప్ మీటరు కొనేటప్పుడు డీసీ కరెంటు చూపిస్తుందో లేదో చూసుకోవాలి, చవక రకాలు చాలా వరకు ఇళ్లలో వచ్చే ఏసీ కరెంటే కొలుస్తాయి.

మోటారు విప్పడం కష్టమేమీ కాదు. ముందు బ్యాటరీ మైనస్ తీసేయాలి. డాష్‌బోర్డు డబ్బా విప్పి, కప్లరు లాగి, చాలా బండ్లలో మూడు స్క్రూలు తీస్తే మోటారు ఫ్యానుతో సహా కిందికి దిగుతుంది. దాని పక్కన చిన్న రబ్బరు గొట్టం ఒకటి ఉంటే జాగ్రత్తగా దాచాలి. అది మోటారు లోపలికి గాలి పంపి చల్లబరిచేది. తిరిగి బిగించేటప్పుడు దాన్ని వదిలేస్తే కొత్త మోటారు కూడా ఎక్కువ కాలం ఉండదు. ఫ్యాను ఊడదీసే ముందు దాని అంచు మోటారు ప్లేటుకు ఎంత ఎత్తులో ఉందో స్కేలుతో కొలిచి రాసుకోవాలి. ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా వచ్చినా గూడుకు రాసుకుంటుంది. రెక్కలకు చిన్న ఇనుప క్లిప్పులు కనపడితే చెత్త అనుకుని పీకకండి, అవి ఫ్యాను తూకానికి పెట్టినవి.

బుష్షు కొద్దిగా ఎండితే మోటారు మార్చాల్సిన పని లేదు. కుట్టుమిషను నూనె బుష్షుకు ఒక్కో చుక్క చాలు. గ్రీజు పెడితే దుమ్ము పట్టి గట్టిపడుతుంది, కిరోసిన్ ఉన్న నూనెను కూడా కడిగేస్తుంది. కమ్యుటేటరు (బ్రష్షులు ఆనే రాగి ముక్కల చుట్టు) నల్లబడి ఉంటే 600 నంబరు గరుకు కాగితంతో మెల్లగా రుద్ది, రాగి ముక్కల మధ్య సందుల్లోని పొడి తీసేయాలి. మీటరు ఒక పుల్ల రాగి ముక్కకూ రెండోది షాఫ్టుకూ పెడితే కలవకూడదు. కలిసిందంటే ఆర్మేచరు (తీగ చుట్టిన తిరిగే భాగం) కాలింది, అప్పుడే కొత్త మోటారు మాట ఎత్తాలి.

బ్రష్షుల విషయంలో మాత్రం గట్టిగా చెప్పాలి. మిక్సీ బ్రష్షులు అరగదీసి వీటిలో దూరుస్తున్నారు. మిక్సీ 230 వోల్టుల మీద నడుస్తుంది, దాని బ్రష్షు గట్టి కార్బను. 12 వోల్టుల మోటారుకు రాగిపొడి కలిసిన బ్రష్షు కావాలి. కార్బను బ్రష్షు పెడితే ఉన్న 12 వోల్టుల్లో చెప్పుకోదగ్గ భాగం బ్రష్షు దగ్గరే పోతుంది. మోటారు మెల్లగా తిరుగుతుంది, బ్రష్షు కాలుతుంది, కమ్యుటేటరు గీసుకుపోతుంది. చేతిలో బరువుగా, రాగి రంగు మెరుపుతో ఉన్నదే సరైన బ్రష్షు.

గుజిరీ అంగడిలో మోటారు తెచ్చుకునేవాళ్లు మూడు చూసుకోవాలి. ఒకటి వోల్టేజీ. లారీ, బస్సు మోటార్లు 24 వోల్టులవి, చూడటానికి ఇవే మాదిరి ఉంటాయి, కారులో పెడితే సగం జోరుతో తిరుగుతాయి. రెండోది ఫ్యాను చేతివాటం. ఒకటి కుడికి, ఇంకొకటి ఎడమకు తిరిగేలా రెక్కలు వంచి ఉంటాయి. ఈ రకం ఫ్యానులో రెక్క గుంట వైపు ముందుకు పోతూ తిరగాలి. మూడోది వైర్ల దిశ. అయస్కాంతం ఉన్న మోటారుకు ప్లస్, మైనస్ తారుమారైతే వెనక్కి తిరుగుతుంది. విచిత్రమేమంటే వెనక్కి తిరిగినా గాలి అదే గొట్టంలోంచి వస్తుంది, కాకపోతే చాలా తక్కువగా. అందుకే ఎవరూ పట్టుకోలేరు, కొత్త మోటారు దండగ అనుకుంటారు. ఇంకా పాతకాలపు మోటార్లలో అయస్కాంతం బదులు ఫీల్డ్ కాయిల్ ఉంటుంది, వాటికి వైర్లు మార్చినా దిశ మారదు. వాటి స్థానంలో కొత్తరకం మోటారు పెట్టేటప్పుడు వైర్లు తప్పకుండా సరిచూసుకోవాలి.

బిగించేటప్పుడు ఊడిన స్క్రూలే వాడాలి. పొడుగు స్క్రూ పెడితే దాని మొన ఫ్యానుకు తగులుతుంది. కప్లరు కరిగి ఉంటే వైర్లు కోసి మెలిపెట్టి టేపు చుట్టడం పనికిరాదు. పది ఆంపియర్లు పోయే దారిలో మెలిక వదులైతే అక్కడే వేడెక్కుతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకు కొత్త టెర్మినళ్లు క్రింప్ చేసి వేయాలి.

ఇక భయపడాల్సిన విషయం. రెసిస్టరు పోతే దాన్ని తప్పించి వైరు డైరెక్టు కలిపేయడం, ఫ్యూజు పదేపదే పోతుంటే 15 స్థానంలో 30 వేయడం, అదీ పోతే వెండి రంగు సిగరెట్టు కాగితం చుట్టడం. రెసిస్టరు గాలి దారిలోనే ఉంటుంది, ఫ్యాను గాలే దాన్ని చల్లబరచాలి. మోటారు బిగుసుకుని గాలి ఆగితే ఆ తీగ ఎర్రగా కాలుతుంది. దాని పక్కనే ఎండిన వేపాకు, స్పాంజీ, ప్లాస్టిక్ గూడు ఉన్నాయి. కొన్ని రెసిస్టర్ల మీద వేడికి తెగిపోయే చిన్న థర్మల్ ఫ్యూజు ఉండేది ఇందుకే. అది తెగిందని సోల్డరుతో అతికిస్తే, లేదా పెద్ద ఫ్యూజు వేస్తే, తెగడానికి ఇక మిగిలేది డాష్‌బోర్డు వెనక వైరే. మే నెల మధ్యాహ్నం అద్దాలు మూసిన కారులో పొగ లేచాక తలుపు తీసే వ్యవధి ఎంత ఉంటుందో చెప్పలేం. కొత్త రెసిస్టరు ధర మోటారు ధరలో కొంత భాగమే. ఆ కాస్త దగ్గర వెనకాడి ప్రాణాల మీదికి తెచ్చుకోవద్దు.

ఓనర్లకు మనవి. పాత మోటారు మీ చేతికి ఇమ్మని అడగండి. బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చి అది తిరగడం లేదని మీ ముందు చూపించమనండి. సద్దు లేకుండా జోరుగా తిరిగితే మార్చొద్దనండి. ఫ్యూజు డబ్బా మూత మీద రాసిన నంబరు ఫ్యూజే ఉందో లేదో మీరే చూసుకోండి, దానికి మెకానిక్కు అక్కర్లేదు. ఏటా ఆకురాలు కాలం అయ్యాక ఒకసారి జాలీ కింద చెత్త తీయించండి. హీటరు పైపులు కోసేసి ఉంటే తిరిగి కలిపించండి. హీటరు కోర్ కారుతుంటే దాన్ని బాగు చేయించాలి గానీ పైపులు కలిపేసి వదిలేయకూడదు.

విడిభాగాల అంగళ్లవాళ్లకు కూడా ఒక మాట. మోటారు మొత్తం అమ్మితే లాభం ఎక్కువే. కానీ రెసిస్టర్లు, రాగి బ్రష్షులు, కప్లర్లు విడిగా దొరక్కపోవడం వల్లే మిక్సీ బ్రష్షులు కార్లలోకి వస్తున్నాయి. అవి విడిగా తెప్పించి పెట్టండి.

అధికారులను కోరేది ఒకటే. పదిహేనేళ్లు నిండిన సొంత కార్లకు ఆర్సీ రెన్యువల్ అప్పుడు తనిఖీ ఉంటుంది, తర్వాత ఐదేళ్లకోసారి మళ్లీ ఉంటుంది. లైట్లు, బ్రేకులు, పొగ చూస్తున్నారు. ఆ సమయంలోనే ఫ్యూజు డబ్బా మూత తీసి, రాసిన నంబరూ లోపల ఉన్న ఫ్యూజూ ఒకటేనా అని చూస్తే నిమిషం పట్టదు. వైరు ముక్కో, కాగితమో చుట్టి ఉన్న బండిని సరిచేసుకుని రమ్మని వెనక్కి పంపితే షెడ్లలో ఈ పద్ధతి దానంతటదే తగ్గుతుంది. జిల్లా రవాణా శాఖ అధికారులు ఈ వేసవి లోపలే దీన్ని మొదలుపెట్టాలని కోరుతున్నాం.

ఇట్లు,
పాత కార్ల ఆటో ఎలక్ట్రీషియన్లు,
కడప