‘తక్కువ తినండి’ అన్న సలహా ఎవరికి?

సంపాదకుడు గారికి,

తక్కువ తింటే మెదడు చురుకుగా పనిచేస్తుందన్న సలహా ఈమధ్య పత్రికల ఆరోగ్య పేజీల్లోనూ వీడియోల్లోనూ తరచుగా కనిపిస్తోంది. అది పూర్తిగా ఆధారం లేని మాట కాదు. కానీ ఎవరికి వర్తిస్తుందో చెప్పకుండా అచ్చువేయడం ప్రమాదకరం.

శరీర బరువులో 2 శాతమే ఉండే మెదడు, విశ్రాంతిలో మనకు ఖర్చయ్యే శక్తిలో దాదాపు 20 శాతం వాడుకుంటుంది. దాని మామూలు ఇంధనం గ్లూకోజు. ఉపవాసం సాగేకొద్దీ కాలేయం కొవ్వు నుంచి కీటోన్లు అనే మరో ఇంధనాన్ని తయారుచేసి మెదడుకు పంపుతుందనీ, వారాల తరబడి తినకపోతే మెదడు అవసరంలో సగానికి పైగా అవే తీరుస్తాయనీ అమెరికా వైద్య పరిశోధకుడు జార్జ్ కేహిల్ బృందం 1967లో చూపింది. 2009లో వెలువడిన ఒక జర్మన్ అధ్యయనంలో మూడు నెలలపాటు ఆహారం తగ్గించుకున్న పెద్దవయసువారికి జ్ఞాపకశక్తి మెరుగుపడిన మాటా నిజమే. అయితే అందులో పాల్గొన్నది మొత్తం 50 మంది, సగటున కాస్త అధిక బరువు ఉన్నవారు.

చక్కెర వ్యాధికి ఇన్సులిన్ గానీ, ఇన్సులిన్‌ను పెంచే మాత్రలు గానీ వాడుతున్నవారి సంగతి వేరు. వారు మందు వేసుకుని భోజనం మానేస్తే రక్తంలో గ్లూకోజు పడిపోతుంది. ఇన్సులిన్ ప్రభావం ఉన్నంతసేపు కాలేయం కీటోన్లను తగినంతగా తయారుచేయదు గనుక మెదడుకు రెండో ఇంధనమూ అందదు. తడబాటు, మాట ముద్దగా రావడం, స్పృహ తప్పడం ఇందువల్లే. ఈ హెచ్చరిక లేకుండా ఉపవాస సలహా ఇవ్వడం బాధ్యతారాహిత్యమని నా అభిప్రాయం.

పిల్లల విషయం ఇంకా స్పష్టం. ఐదేళ్ల వయసులో శరీరం వాడే మొత్తం శక్తిలో 40 శాతానికి పైగా మెదడుకే పోతుంది. ఖాళీ కడుపుతో బడికి వచ్చే బిడ్డకు మితాహారం గురించి ఎవరు చెప్పగలరు? తెలంగాణలో 2023 అక్టోబరులో ప్రారంభమైన బడి అల్పాహార పథకం లాంటివి రెండు రాష్ట్రాల్లోనూ ప్రతి ప్రభుత్వ బడిలో నిలకడగా నడవాలని కోరడానికి ఈ ఒక్క లెక్క చాలు.

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మనకు అందుబాటులోనే ఉంది. ఇటువంటి వ్యాసాలను ముందుగా అక్కడి నిపుణులకు చూపించి, పిల్లలు, గర్భిణులు, బక్కచిక్కిన వృద్ధులు, చక్కెర వ్యాధికి మందులు వాడేవారు వైద్యుణ్ణి అడగకుండా పాటించరాదన్న మాటను శీర్షిక కిందే ముద్రించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత జీవశాస్త్ర అధ్యాపకుడు,
హనుమకొండ