వార్షికోత్సవానికే కాదు, కాలపట్టికలోకీ నాటకం రావాలి

సంపాదకులకు నమస్కారం.

ఇంటర్వ్యూలో నోరు విప్పలేకపోతున్నారని ఇంజినీరింగు చివరి ఏడాది విద్యార్థులకు వ్యక్తిత్వ వికాస తరగతులు పెడుతున్నారు. ఇరవై ఏళ్లు దాటాక హడావుడిగా నేర్పే ఆ ధైర్యాన్ని పదమూడేళ్లకే బడిలో నాటకంతో అలవాటు చేయవచ్చని, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి పదవీ విరమణ చేసిన నా అనుభవంతో మనవి చేస్తున్నాను.

తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి పేరు పిలిస్తే లేచి నిలబడేది గానీ తల ఎత్తేది కాదు. వార్షికోత్సవ నాటికలో ఆమెకు పంచాయతీలో సాక్ష్యం చెప్పే ముసలమ్మ వేషం ఇచ్చాను. మొదటి రోజు రిహార్సల్లో ఆమె మాట పక్కనున్న పిల్లకే వినబడలేదు. మైదానం చివర వేపచెట్టు కింద నిలబడి, "అరవక్కర్లేదమ్మా, నాకు చెప్పు చాలు" అన్నాను. నాలుగో రోజుకు మాట చెట్టు దాకా వచ్చింది. ప్రదర్శన నాటి చప్పట్ల కన్నా నాకు గుర్తుండిపోయింది ఆ తర్వాతి వారం సంగతి: లెక్కల పీరియడులో ఆమె తనంతట తాను లేచి, "మాస్టారూ, ఈ స్టెప్పు అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి" అని అడిగింది.

రిహార్సల్లో మాట మరిచిపోతే మార్కులు పోవు. ప్రాంప్టరు అందిస్తాడు, తోటి నటుడు సర్దుకుంటాడు, మర్నాడు మళ్లీ చెప్పుకోవచ్చు. తన వంతు వచ్చేదాకా ఎదుటివారి మాట చెవిన పెట్టక తప్పదు కనుక, మాట్లాడటంతో పాటు వినడమూ పిల్లలకు అలవడుతుంది.

ఇది మనకు కొత్త కాదు. 1880లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం గారు తన విద్యార్థుల చేతనే నాటకాలు ఆడించారు. పదో తరగతి వరకు సంగీత, నృత్య, చిత్రకళలతో పాటు నాటకాన్నీ తప్పనిసరి బోధనలో చేర్చాలని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా చెప్పింది. అయినా నేను చూసిన బడుల్లో వాచకంలోని నాటక పాఠాన్ని ప్రశ్నలు, జవాబులుగా బట్టీ పట్టించడమే జరుగుతోంది. వార్షికోత్సవ వేదిక మీద పిల్లలు సినిమా పాటకు పెదవులు కదిపి దిగిపోతున్నారు.

ఎనిమిది, తొమ్మిది తరగతులకు వారానికి రెండు పీరియడ్లు నాటకానికి కేటాయించాలని విద్యాశాఖను కోరుతున్నాను. నేర్పడానికి నాటక పరిషత్తుల పోటీల్లో పండిన నటులు, విశ్వవిద్యాలయాల రంగస్థల కళల శాఖల్లో చదివి సరైన ఉపాధి లేక ఉన్న యువకులు ఊరూరా దొరుకుతారు. వారికి గౌరవ వేతనం ఇస్తే చాలు. తెరలు, లైట్లు అక్కర్లేదు, బడి వరండా సరిపోతుంది. అయితే దీన్ని బహుమతుల పోటీగా మార్చకూడదు. గెలుపు మీద దృష్టి పడితే ఉపాధ్యాయులు అప్పటికే గలగలా మాట్లాడే పిల్లలకే ప్రధాన పాత్రలిస్తారు. నేనూ ఎన్నో ఏళ్లు ఆ పొరపాటు చేశాను. వెనక బెంచీలో కూర్చున్నవారికి అన్యాయం చేశానన్న బాధ ఇప్పటికీ ఉంది.

కందుకూరి జయంతి అయిన ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకొంటున్నాం. ఈసారి ఆ రోజుకల్లా ఉత్తర్వులు వెలువడితే, జూన్‌లో బడులు తెరిచేనాటికి కాలపట్టికలో ఆ రెండు పీరియడ్లకు చోటు దొరుకుతుంది.

ఇట్లు
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
తూర్పు గోదావరి జిల్లా