మిత్రదేశం కోసం మింగేసిన నిజం

సంపాదకులకు,

రెండో ప్రపంచ యుద్ధ ప్రచార చిత్రాలపై మీ ఆదివారం వ్యాసం బాగుంది. కానీ 'ది బ్యాటిల్ ఆఫ్ రష్యా' గురించి ఇంకాస్త చెప్పాల్సింది. 1943లో అమెరికా సైనికుల కోసం ఫ్రాంక్ కాప్రా బృందం తీసిన డాక్యుమెంటరీ అది. లెనిన్‌గ్రాడ్ నగరాన్ని జర్మన్ సేనలు ముట్టడించడం, గడ్డకట్టిన లడోగా సరస్సు మీద ఆ నగరానికి సరుకులు మోస్తున్న లారీలు చూస్తుంటే గుండె తరుక్కుపోతుంది. ఆ కష్టం నిజమే. కానీ అప్పుడు రష్యా అమెరికాకు మిత్రదేశం కాబట్టి, 1939లో సోవియట్ నేత స్టాలిన్ హిట్లర్‌తో కుదుర్చుకున్న, పరస్పరం దాడి చేసుకోకూడదన్న ఒప్పందం ఊసే ఉండదు. 1943లోనే వచ్చిన హాలీవుడ్ సినిమా 'మిషన్ టు మాస్కో' మరీ దారుణం, 1930లలో స్టాలిన్ తన ప్రత్యర్థులపై జరిపించిన బూటకపు విచారణలనే సమర్థించింది. 1947లో అమెరికా కాంగ్రెస్ కమిటీ ఆ సినిమా గురించి దాన్ని తీసిన వార్నర్ బ్రదర్స్ స్టూడియోకు చెందిన జాక్ వార్నర్‌ను ప్రశ్నించింది! 'ది బ్యాటిల్ ఆఫ్ రష్యా'ను క్లాసులో చూపించే టీచర్లు ఆ ఒప్పందం సంగతీ తప్పకుండా చెప్పాలి.

– ఒక పాఠకురాలు, గుంటూరు